గంగన్న చెద్దరు

రాజూ, ఆ టేపు జర మెల్లగ గుంజు... లేదంటే నేను బయట నిలబడ్త, నీ కార్టన్ కట్టుడు అయినంక పిలువు. నవ్వకు. ఈ రూంల ఎవలు చుట్టీ మీద ఊరికి పోయినా, కట్టుడు మొదలువెట్టంగనే నేను లేచి బయటికి పోత. సిగరెట్‌కు పోతున్న అనుకుంటున్నరు మీరు. నేను సిగరెట్ బంద్ చేసి ఐదేండ్లాయె.

అడిగిన్రు గదా, చెప్త. మధ్యల నవ్వొద్దు. అమ్మ మీద ఒట్టు వేద్దామంటే అమ్మ లేదు. పిల్లలు లేరు. ఇగో, నా పళ్లెంల ఉన్న ఈ అన్నం మీద ఒట్టు... ఇది అయ్యింది. నాకే అయ్యింది. ఎట్లయ్యిందో మాత్రం ఇయ్యాల్టికి నాకు తెల్వది.

సత్తిబాబూ, నువ్వు పండుకునే ఆ కింది మంచం... అది గంగన్నది. కూసో కూసో, లేవకు. మంచానికేం కాదు.

గంగన్న మా పక్క ఊరాయన. నాకంటే పదేండ్లు పెద్ద. దుబాయ్‌కు వచ్చిన కాడికెళ్లి ఇక్కడ్నే, జెబెల్ అలీలనే, మా పక్క గోదాంల రాత్రి డ్యూటీ. పొద్దుగాల వచ్చి ఇంత తిని, ఎనిమిదింటికి పండుకుంటడు. నాది పగటి డ్యూటీ. నేను బూట్లు వేసుకునేటప్పుడు ఆయన బూట్లు విడుస్తుంటడు. ఆ పది నిమిషాలే మాకు మాట్లాడుకునుడు. రోజూ ఆయనే నాకు చాయ్ పోసి ఇచ్చేటోడు.

కరోనాల మా అమ్మ పోయింది. విమానాలు బంద్. ఈ మంచం మీద కూసోని దహనం ఫోన్ల చూసిన... మధ్యల నెట్ పోయింది. ఏడుపు రాలే. తర్వాత కూడ రాలే. తింటున్న, డ్యూటీకి పోతున్న, కార్టన్లు లెక్క పెడ్తున్న. లోపల మొద్దువారిపోయింది. ఆ యేడు చుట్టీ వస్తే పోలే. తర్వాతి యేడు గోదాం ముదీర్ ఆఫీసుకు పిలిచి, "రెండు నెలలు ఉన్నయ్, పో, లేకుంటే చుట్టీ ఖలాస్" అన్నడు. ఏడికి పోవాలె? ఊర్ల ఇంటికి తాళం ఉంది.

అప్పుడే మా గోదాంకు ఏవో గింజల బస్తాలు వచ్చినయ్. మీద బొలీవియా అని రాసి ఉంది. ఊకెనే ఫోన్ల కొట్టి చూసిన. లా పాజ్ అని ఒక పట్నం. గుట్టల మీద, మబ్బుల కాడ. బస్సులకు బదులు తీగల మీద డబ్బాలు పోతుంటయ్. మనోడు ఒక్కడు లేడు ఆడ. ఎప్పుడొచ్చినవ్, మల్లెప్పుడు పోతవ్ అని అడిగేటోడు లేడు. నాకు గదే నచ్చింది.

టికెట్ తీసుకున్న. వీపుకు వేసుకునే పెద్ద బ్యాగు దేరా బజార్ల కొన్న. రూంల మాత్రం ఊరికి పోతున్న అన్న. ఇంటికాడ ఎవలు లేరు, అందుకే ఇంకేడికో పోతున్న అంటే అందరు జాలిగ చూస్తరు. అది నాకు పడది.

అబద్ధం ఆడినప్పుడు ఒక్కటి మరిచిన. చుట్టీ పోయేటోనికి అందరు మూటలిస్తరు గదా... రాజు కార్టన్ల ఇప్పుడు నాలుగిండ్ల సామాను లేదా? వద్దు అనరాదు. అంటే ఎందుకు అని అడుగుతరు. మిగిలినోళ్లను బరువెక్కువైంది అని తప్పించుకున్న. గంగన్నకు చెప్పలేకపోయిన.

ఆయన ఒక చెద్దరు కొన్నడు. బొచ్చుది, మందంది, ఇక్కడికెళ్లి అందరం ఇంటికి పట్కపోతం సూడు, అసొంటిది.

"మల్లేశా, రజిత బాలింత గదరా. పసిపోరి ఉంది. మన దిక్కు చలి బాగున్నదట. పోంగనే ఇయ్యి. చలి పోయినంక ఇస్తె ఏం లాభం?"

రజిత ఆయన బిడ్డ. సరే అన్న.

నా ముంగటనే కార్టన్ల పెట్టి కట్టిండు. అడ్డం మూడు సుట్లు, నిలువు రెండు. కత్తెర ఇస్తె తీసుకోడు. "పండ్లు దేనికున్నయిరా" అంటడు. టేపు గుంజుతడు... కిర్ర్ర్ర్. పండ్లతోని కొరుకుతడు... టప్. అరచేతితోని ఒత్తుతడు... సర్... సర్. మీద మార్కర్‌తోని రజిత పేరు, ఫోన్ నంబరు రాసిండు. ఆ చప్పుడు యాదుంచుకోన్రి.

క్యాంపు గేటు దాక వచ్చి సాగదోలిన్రు నన్ను. ఎయిర్‌పోర్టుల ఆ కార్టన్ ఏడ పెట్టాలె? పారెయ్యబుద్ధి కాలే. నాతోనే తీస్కపోయిన. ముందు లా పాజ్ సూసి, చుట్టీ అయిపోకముందే అటే ఊరికి పోయి ఇస్త అని నాకు నేనే చెప్పుకున్న.

లా పాజ్ల దిగంగనే ఊపిరి సగమే లోపలికి పోయింది. నాలుగు మెట్లు ఎక్కితే కూసోవాలె. వీపు మీద బ్యాగు, చేతుల దుబాయ్ కార్టన్... హాస్టల్ల తెల్ల పోరగాండ్లు సూసి నవ్విన్రు. నాలుగు రోజులు వాళ్లతోని ఒక్క రూంల ఉన్న. తర్వాత గుట్ట మీద ఒక ముసలామె ఇంట్ల అర్ర కిరాయికి తీసుకున్న. కింద ఆమె కిరాణం దుకాణం, పైన రేకుల అర్ర. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. తలకాయ నొస్తుంది అని చేతితోని చూపెడ్తే ఏదో ఆకు మరగబెట్టి ఇచ్చేది. పొద్దంత నేను తిరుగుడు, ఆలుగడ్డలు తినుడు, తీగ డబ్బాల కూసోని కిందికి సూసుడు. బాగుండెనా అంటే... బాగున్నదని లేదు, పాడున్నదని లేదు. ఆడ కూడ నేనే ఉన్న గదా.

ఫోన్‌కు కింద దుకాణంలనే నెట్. రోజూ పొద్దుగాల దిగి సూస్తే గంగన్న వాయిస్ మెసేజ్ ఉండేది. డ్యూటీ దిగి పెట్టేటోడు. ఒక్కటే మాట.

"ముట్టిందారా?"

ఒకరోజు హైదరాబాద్ల పనుంది అన్న. ఒకరోజు జెరమొచ్చింది అన్న. ఆయన తిట్టలే. "ఏం కాదురా, పైలం. జర చలి పోకముందు..." అంటుండె. నాకు సిగ్గయితుండె. అన్ని రోజులల్ల నాకు తెలిసింది గదొక్కటే, సిగ్గు.

పందొమ్మిదో రోజు. పొద్దూకంగ వడగండ్లు పడ్డయ్. రేకుల మీద ఒకటే మోత. కప్పు కారి ముసలామె ఇచ్చిన రెండు దుప్పట్లు తడిసినయ్. ఆ ఇండ్లల్ల హీటర్లు ఉండయ్. వేండ్లు కొంకర్లు పోతున్నయ్. మంచం కింద కార్టన్ ఉంది.

చాకు తీసుకున్న. టేపు కోసిన. చెద్దరు తీసి కప్పుకున్న. పొద్దుగాల మల్ల పెట్టేద్దాం అనుకున్న. బాలింతకు పంపిన చెద్దరు నేను కప్పుకున్న... వెచ్చగుండె. ఎన్నో నెలల తర్వాత మంచిగ నిద్ర వట్టింది.

మెలకువ వచ్చింది. ఎందుకొచ్చిందో తెల్వది. వడగండ్లు ఆగినయ్. చుక్క చప్పుడు లేదు. ఆ గుట్ట మీద రాత్రంత కుక్కలు మొరుగుతయ్... అవి కూడ లేవు. నేను గోడ దిక్కు తిరిగి పండుకున్న. నా వీపెనుక...

కిర్ర్ర్ర్...

ఆగింది.

టప్.

సర్... సర్...

నేను కదల్లే. కల అనుకున్న. మల్ల గుంజింది... కిర్ర్ర్ర్. మెల్లగ. తొందర లేదు. టప్. అరచెయ్యి అట్ట మీద జారింది... సర్... సర్. లెక్క పెడ్తున్న. మాకదే పని గదా, లెక్క పెట్టుడు. మూడు. అడ్డం మూడు అయినయ్. తర్వాత అట్టపెట్టె తిప్పిన చప్పుడు. నేల మీద రాసుకుంట తిరిగింది.

మధ్య మధ్యల ఊపిరి. ఎక్కువ మెట్లు ఎక్కొచ్చినోళ్లు తీసే ఊపిరి... సగమే లోపలికి పోతున్నట్టు.

అప్పుడు తెలిసింది, నా మీద చెద్దరు లేదు. కాళ్లు మంచుగడ్డ లెక్క ఉన్నయ్. కండ్లు తెరువలే నేను. భయపడ్డవా అంటే... భయం కూడ సక్కగ రాలే. దొంగతనం చేస్తుంటే ఇంటాయన వచ్చి, ఏమనకుంట తన సామాను తాను సదురుకుంటున్నట్టు అనిపించింది. సిగ్గుతోని కండ్లు మూసుకున్న.

నాలుగు... ఐదు.

చప్పుడు ఆగింది. కానీ ఆ ఊపిరి పోలే. ఆడనే ఉంది. నేను ఏదన్న అంటనేమో అని ఆగినట్టు. ఎంతసేపో... "అన్నా" అందామనుకున్న. తర్వాత ఊపిరి వినవడలే. తలుపు గడె తీస్తె కీచుమంటది ఆ అర్రల. అది కూడ వినవడలే.

తెల్లారినంక లేచిన. కార్టన్ మంచం కిందనే ఉంది. కట్టి ఉంది. అడ్డం మూడు, నిలువు రెండు. టేపు కొసలకు పండ్ల గాట్లు. నేను రాత్రి కోసిన పాత టేపు ముక్కలు నేల మీద అట్లనే ఉన్నయ్. తలుపు గడె లోపలికెళ్లి ఏసే ఉంది. నా బ్యాగుల టేపు లేదు. ముసలామె దుకాణంల చేతులతోని చూపెట్టి అడిగిన... సన్న తెల్ల టేపు తెచ్చి చూపెట్టింది. ఇది ఖాకీ రంగుది, ఇక్కడ మన దగ్గరుండేది.

ఆగు రాజూ, నువ్వడగక ముందే చెప్త. నాకూ అనుమానమొచ్చింది. నేనే నిద్రల లేచి కట్టిన్నేమో అని. నాలుకకు ఏదో తగిలింది. వేలు పెట్టి తీసిన. నా పండ్ల సందుల సన్న టేపు పొర... నోట్ల గమ్ము చేదు. గాలి తక్కువున్న కాడ మనిషికి సోయి తప్పుతదట. సరే, నేనే అనుకో. మరి టేపు ఏడికెళ్లి వచ్చింది?

దుకాణంలనే ఉన్న ఇంకా. ఫోన్ మోగింది. లింబాద్రి... అప్పుడు ఇదే రూంల ఉండేటోడు.

"మల్లేశా, గంగన్న పోయిండు."

డ్యూటీ దిగి పండుకున్నడట. పగలు రూంల ఇంకెవలు లేరు. సాయంత్రం అలారం మోగుతనే ఉందట, లేస్తలేడని సూసిన్రట. పొద్దుగాల పదింటికి అటిటు పోయి ఉంటడని డాక్టర్ చెప్పిండట. ఇక్కడ పది అంటే ఆడ రాత్రి రెండు. నేను మేలుకున్నప్పుడు టైం సూడలే. కండ్లే తెరువలే గదా.

ఇంకో నెల ఉండాలె ఆడ. ఉండలే. ఆ రోజే టికెట్ మార్చుకున్న. కార్టన్ పట్టుకోని, మూడు విమానాలు మారి ఊరికి పోయిన. గంగన్న శవం పెట్టె ఇంకా రాలే, కాయితాలు అయితలెవ్వు. నేనే ముందు చేరిన. రజిత కార్టన్ ముంగటేసుకోని టేపు కొసను చేత్తోని తడిమింది.

"బాపు కట్టుడే గిది. పండ్లతోని తెంపిండు సూడు చిన్నాయినా."

తల ఊపిన. చెద్దరు తీసి పోరి మీద కప్పి, మల్ల చెయ్యి పెట్టి సూసింది.

"గింత సల్లగున్నదేంది? ఏడ పెట్టినవ్?"

"విమానంల" అన్న.

తొమ్మిదో రోజు పెట్టె వచ్చింది. అందరు మీద పడి ఏడుస్తున్నరు. నేను వంగి, మెల్లగ, "ముట్టిందన్నా" అన్న. గంతే. నాకు ఏడుపు రాలే. రావాలని మస్తు అనుకున్న.

లా పాజ్ సంగతి రజితకు చెప్పలే. ఎవలకు చెప్పలే. ఇయ్యాల మీకే చెప్తున్న.

ఇంకొకటుంది. ఆ పొద్దుగాల లింబాద్రి ఫోన్ పెట్టేసినంక సూసిన, గంగన్న దగ్గరికెళ్లి ఒక వాయిస్ మెసేజ్ వచ్చి ఉంది. పదకొండు సెకండ్లు. ఆడి టైం రెండు నలభై. అంటే ఇక్కడ పదీ నలభై. డాక్టర్లు అందాజకే చెప్తరు, ఆ టైంకు మనిషి ఉన్నడేమో... లేడేమో. ఇగో, సూడున్రి. ఇప్పటికీ వినలే నేను. ఫోన్ రెండుసార్లు మార్చిన, ఇది మాత్రం జాగ్రత్తగ తెచ్చుకున్న. "ముట్టిందారా" అని ఉంటే, నేను ఆయన బతికుండంగ జవాబు చెప్పలే. ఆ చప్పుడు ఉంటే... అది నాకు తెల్వకపోతేనే మంచిది.

వద్దు సత్తిబాబూ, నొక్కకు. ఇటియ్యి ఫోన్.

సరే, టైమైతుంది, రాజుకు పొద్దుగాలనే విమానం. కట్టుకో రాజూ. ఇయ్యాల నేను బయటికి పోను, ఇక్కడ్నే కూసుంట. ఇగో కత్తెర, పట్టు. పండ్లతోని తెంపకు.