ఆషాఢంలో పట్టాభిషేకం

నీటిపారుదల శాఖలో ముప్పై నాలుగేళ్లు జలాశయాల నీటిమట్టాలు నమోదు చేసినవాణ్ని. అంకె లేని మాటను నమ్మే అలవాటు నాకు లేదు. అమెరికాలో, చాండ్లర్‌లోని కూతురింటికి వచ్చి పదకొండేళ్లయింది. ఇక్కడ ఆ అలవాటుకు మిగిలిన పని ఒక్కటే. పదో తరగతి చదివే మనవరాలు ఏది రాసినా అందులోని తేదీలు సరిచూడడం.

నిరుడు వాళ్ల స్కూల్లో చరిత్ర పోటీ జరిగింది. ఒక అంశాన్ని పెద్ద బోర్డు మీద వివరించాలి. మొదటి ఇద్దరు రాష్ట్రస్థాయికి వెళతారు. వెళ్లాలని ఆమెకు ఎంత పట్టుదలో, నెలరోజులు భోజనాల బల్ల మాకు దొరకకపోవడమే చెప్పింది.

ఆమె ఎంచుకున్నది చైనాలో టాంగ్ వంశపు చివరి రోజుల నాటి ఒక సేనాని ఎదుగుదల. ఉప్పు దొంగరవాణాదారులు లేవదీసిన తిరుగుబాటులో అతడొక సైనికుడు. 882లో తనవాళ్లను వదిలి చక్రవర్తికి లొంగిపోయాడు. సంతోషించిన ఆస్థానం అతనికి ‘సంపూర్ణ విశ్వాసపాత్రుడు’ అని అర్థం వచ్చే కొత్త పేరు పెట్టి, మరుసటి ఏడు ఒక ప్రాంతాన్ని అప్పగించింది. అతడు చుట్టుపక్కల ప్రాంతాలను ఒక్కొక్కటిగా కలుపుకున్నాడు. 904లో చక్రవర్తిని చంపించాడు. 907లో తానే సింహాసనం ఎక్కాడు. మొత్తం ఇరవై అయిదేళ్లు.

“లాయల్ అని పేరు కూడా పెట్టేశారు తాతయ్యా! ఎవరూ చెక్ చేయలేదా?” అని నవ్వింది.

పట్టాభిషేకం పక్కన ఆమె ‘జూన్’ అని రాసింది. కింద, పాత గ్రంథాల్లో ఉన్నట్టుగా, నాలుగో నెల పద్దెనిమిదో రోజు అని ఉంది. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం, ఆషాఢం. పౌర్ణమి దాటి మూడో రోజు.

“జూన్ కాదమ్మా, జూలై.”

“వెబ్‌సైట్‌లో జూన్ అనే ఉంది కదా?”

“అందులో ఎవరైనా ఏమైనా రాస్తారు. చాంద్రమానం నాకు తెలుసు.”

ఆమె బోర్డు వైపు, నా వైపు చూసింది. తర్వాత జూన్ మీద చిన్న కాగితం అతికించి జూలై అని రాసింది. అడుగున ఇంగ్లీషులో ఒక వాక్యం కూడా చేర్చింది: ‘తేదీలు సరిచూసినవారు మా తాతయ్య.’

పోటీ రోజున నేను మడతకుర్చీలో కూర్చుని చూశాను. న్యాయనిర్ణేతల్లో ఒకావిడ చైనా నుంచి వచ్చిన ఉపాధ్యాయురాలు. ఆమె జూలై మీద వేలు పెట్టి, మెల్లగానే అడిగింది, నాలుగో నెల జూలై ఎలా అయిందని. మనవరాలు నా వైపు చూసింది. “మా కొత్త సంవత్సరం ఫిబ్రవరి దగ్గర వస్తుంది కదా, నాలుగో నెల జూన్‌కే వచ్చేస్తుంది,” అందావిడ.

మేం కూరగాయలు కొనే చైనా సరుకుల దుకాణంలో ప్రతి ఏడూ చలికాలం చివర ఎర్ర లాంతర్లు కడతారు. పదకొండేళ్లు వాటి కింద నుంచే సంచులు మోసుకొచ్చాను. ఎవరి కొత్త సంవత్సరమైనా ఉగాదినాడే మొదలవుతుందన్నట్టు లెక్కపెట్టాను.

మనవరాలికి మూడో స్థానం వచ్చింది. నిర్ణేతల కాగితంలో ఒకే ఒక్క లోపం రాసి ఉంది, తేదీ.

తిరుగుదారిలో మా అమ్మాయి డ్రైవ్ చేస్తోంది. వెనక సీట్లోంచి మనవరాలు అంది: “నువ్వు కూడా టోటల్లీ లాయలే తాతయ్యా. జస్ట్ రాంగ్ కాలెండర్‌కి.”

నవ్వబోయాను. అద్దంలో చూస్తే ఆమె అప్పటికే కిటికీ వైపు తిరిగిపోయింది. ఇంటికి చేరేవరకు ఆ మెడ ఇటు తిరగలేదు.

ఇంటికొచ్చాక బోర్డు అడుగున నా గురించిన వాక్యాన్ని గోటితో గీకబోయాను.

“వద్దు, ఉండనీ,” అంది. “నువ్వు చెక్ చేశావుగా. అది ఫాక్టే.”

ఈ ఏడు పోటీకి ఆమె ఇంకో అంశం తీసుకుంది. ఇక అడగదనుకున్నాను. మొన్న తేదీల పట్టిక తెచ్చి నా ముందు పెట్టింది. ప్రతి తేదీ పక్కన కొత్తగా ఒక గడి గీసి ఉంది. దాని పైన ‘ఎలా లెక్కపెట్టావు?’ అని తన వంకర తెలుగు అక్షరాల్లో రాసింది. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నన్నెవరూ ఆ మాట అడగలేదు. ఇప్పుడు ప్రతి తేదీకీ అది ఎవరి కాలెండరో ముందు చూసుకుంటున్నాను. రెండు రోజుల్లో నాలుగు గడులే నింపగలిగాను.