ఎనిమిది స్తంభాల నడక

పొద్దున్నే తలుపు తీయగానే ఇప్పపువ్వు వాసన గుప్పుమంది. పులిసిన బెల్లంలాంటి ఆ వాసనకు నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. వెంటనే సింహాచలం మేటు గొంతు చెవిలో పడుతుంది: "పరిగెత్తకు, పారోతీ." ఆయన నిన్న సాయంత్రం శ్రీకాకుళం పక్కన తన ఊళ్ళో పోయాడని కూతురు ఫోను చేసింది. కొండల మధ్య సాగే కిరండుల్ రైలు లైనులో పట్టాలు చూసే మా గ్యాంగుకు ఆయన పెద్ద. నాకు నడక నేర్పింది ఆయనే. ముప్పై రెండేళ్ళ మనిషికి నడక నేర్పడమేమిటని నవ్వకండి.

ఆ గ్యాంగులోనే పనిచేసే మా ఆయన జ్వరంతో పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చారు. క్వార్టర్సులో ఆయన పెంచిన కుక్క భూరీ మిగిలింది. ఆ ఇంట్లోంచి ఇంకో ప్రాణం పోకూడదని నా పట్టుదల. కొండ మీంచి ఎలుగులు దిగుతాయి, లైను మీద ఇనుపరాయి మోసే గూడ్సు బండ్లు తిరుగుతాయి. అందుకని దాన్ని గుమ్మానికి గొలుసుతో కట్టేసి మూడు పూటలా పెరుగన్నం పెట్టాను. ఏడాది తిరిగేసరికి గుమ్మడికాయలా తయారైంది. పడుకున్నా రొప్పేది, దగ్గేది. ఒకరోజు మేటు చూసి మండిపడ్డాడు.

"ఏటమ్మా ఇది? పెంచుతన్నావా, సంపుతన్నావా?"

"బయటికి తీస్తే ఏమైనా అయితే? పూచీ ఎవరిది బాబాయ్?" అని నేనూ ఎగిరాను.

ఆయనే మమ్మల్ని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. గుండె నీరసించింది, ఒళ్ళు తగ్గాలి, మందు ఆపొద్దు అన్నాడు. నడిపించాలి, ఆయాసపడితే ఆపాలి. "థోడా థోడా, లేకిన్ రోజ్", కొంచెం కొంచెమే కానీ రోజూ, అని రెండుసార్లు చెప్పాడు.

నా తొందర నాది. ఆరు రోజులు డ్యూటీ సాకుతో నడక ఎగ్గొట్టి, ఏడో రోజు సెలవు కదా అని ఎర్రటెండలో దాన్ని స్టేషను దాకా లాక్కుపోయాను. తిరిగొస్తుంటే దారిలో కూలబడింది. నాలుక నీలంగా మారింది. నా కేకలకు మేటు వచ్చి దాన్ని నీడలోకి చేర్చాడు. ఆటో వచ్చేదాకా దాని పక్కటెముకల మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. డాక్టరు సూది వేసి, గండం గడిచిందన్నాక మేటు నావైపు తిరిగాడు.

"పట్టా రోజూ ఎందుకు సూస్తాం? ఒక్కరోజే లైనంతా సూసేసి వారం తొంగుంటే బండి ఊరుకుంటాదేటి? గుండె కూడా అంతేనే, ఎర్రిదానా."

సిగ్గుతో ఏడ్చాను.

భూరీ కోలుకున్నాక రోజూ డ్యూటీకి ముందు ఆయన మా గుమ్మంలో ఉండేవాడు. కంచె వెంట బాట మీద కరెంటు స్తంభాలే మాకు కొలత. మొదటి వారాల్లో రెండే స్తంభాలు, అదీ ఆగి ఆగి. నేను పళ్ళు కొరుక్కునేదాన్ని. "తాడు నీ సేతిలో ఉంటే సాలదు. నడక దానిది. అదాగితే నువ్వాగాల" అనేవాడు. చలికాలానికి నాలుగయ్యాయి. దగ్గు తగ్గింది, నడుం కనిపించింది. ఇప్పలు పూసేనాటికి ఎనిమిది.

ఆ ఎనిమిదో స్తంభం దగ్గరే, రాలిన ఇప్పపువ్వు తింటూ, ఎలుగు. పాతిక అడుగులు కూడా ఉండదు. తలెత్తి మమ్మల్ని చూసింది. భూరీ వెన్ను మీద రోమాలు లేచాయి. దాన్ని లాక్కుని పరుగు తీయబోయాను.

"పరిగెత్తకు, పారోతీ." మేటు గుసగుసగా అన్నాడు. "నువ్వు ఉరికితే అదీ ఉరుకుతాది, ఇదీ ఉరుకుతాది. దీని గుండె ఆగిపోద్ది. ఎనక్కి నడు. రోజూ నడిసినట్టే."

తాడు కుదించి పట్టుకుని ఎలుగు మీంచి చూపు తిప్పకుండా వెనక్కి అడుగేశాను. ఏడో స్తంభం. ఎలుగు నిలబడి గాలి వాసన చూసింది. ఆరో స్తంభం దగ్గర అది మళ్ళీ పువ్వులోకి మూతి దించింది. మిగతా దారంతా భూరీ ఎక్కడా కూలబడకుండా నడిచింది. గుమ్మంలో మేటు దాని పక్కటెముకల మీద చెయ్యి పెట్టి, "దీని గుండె బాగానే ఉంది. నీదే అదిరిపోతంది" అని నవ్వాడు. ఆ రోజే గొలుసు విప్పి అవతల పారేశాను.

ఆయన రిటైరై ఊరెళ్ళి ఐదేళ్ళయింది. రోజూ సాయంత్రం ఫోను: "నడిసారా?" ఇప్పుడు గ్యాంగుకు నేనే మేటుని. భూరీ మూతి నెరిసింది. మందు వేస్తూనే ఉన్నాను. మళ్ళీ రెండు స్తంభాలే దాని వంతు.

ఇవాళ నాకు గడప దాటబుద్ధి కాలేదు. భూరీయే వచ్చి తాడు దగ్గర నిలబడింది. సరేనని బయల్దేరాం. రెండో స్తంభం దాకా కూడా వెళ్ళలేకపోయాను. సాయంత్రం ఫోను రాదని గుర్తొచ్చి, కంచె పట్టుకుని కూలబడి, సిగ్గు లేకుండా భోరుమన్నాను. భూరీ తాడు లాగలేదు. నేను లేచేదాకా నా పక్కనే కూర్చుంది.