పిట్టలు లేచిన పొద్దు

వనపర్తి బస్టాండు బయట ఒకామె బొగ్గుల మీద కంకులు కాలుస్తుంటే, ఆ వాసనకు అడుగు ముందుకు పడక నిలబడిపోయాను. ఖిల్లా ఘణపూర్ కొండ కింద మా జొన్నచేను, పుష్యమాసపు చలి, గొంగడి కప్పుకుని మంచె మీద కూర్చున్న మా నాయనమ్మ, కాల్చిన కంకిని అరచేతుల్లో నలిపి, పొట్టు ఊది ఆమె నా ఒడిలో పోసిన లేతజొన్నల తీపి, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి.

కంకి పాలుపోసుకునే రోజుల్లో ఎక్కడెక్కడి నుంచో గులాబి వీపుల గోరింకలు గుంపులుగా దిగేవి. నాయనమ్మ వెలుగు రాకముందే మంచె ఎక్కి, వడిసెల తిప్పి రాయి విసురుతూ, ఊరికంతా వినబడేలా కేక పెట్టేది. ఆ జొన్నలే మాకు ఏడాది పొడుగునా రొట్టె.

మా చిన్నాయనకు వనపర్తిలో ఫోటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్లలో కదలకుండా కూర్చున్న మనుషులను తీసి తీసి విసిగి, పొగమంచులో కొండ ముందు ఎగిరే పిట్టలను తీయాలని ఆశపడ్డాడు. ఒక పొద్దున, ఏదో పెళ్లిలో మిగిలిన రీలుతో వచ్చి, మంచె ముందు కూర్చుని కెమెరా కొండవైపు పెట్టాడు.

"అమ్మా, జర ఒర్రకు. అన్నీ దిగనీ."

"దిగినంక తినకుంట కూసుంటయారా?"

"ఈ ఒక్క పొద్దే."

నాయనమ్మ వడిసెల ఒళ్లో పెట్టుకుంది. చేనంతా కిచకిచలతో నిండిపోయింది. వంగిపోతున్న కంకులను చూస్తూ, కేక బయటికి రాకుండా ఆమె కొంగు నోట్లో కుక్కుకోవడం నాకింకా గుర్తు. ఎండ కొండ అంచు దాటగానే చిన్నాయన చెయ్యి ఎత్తాడు. నాయనమ్మ లేచి గొంతు విప్పింది. చేను మీది దుప్పటిని ఎవరో దులిపినట్టు పిట్టలన్నీ లేచాయి.

ఫోటో బాగా వచ్చింది. తెల్లటి మంచు, మసకగా కొండ, ఆకాశం నిండా విప్పుకున్న రెక్కలు. నాయనమ్మ దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు వెతికింది.

"నేనేడ ఉన్న రా ఈ ఫోటోల?"

"నువ్వు నా ఎనక ఉంటివి గదమ్మా. వచ్చేసారి నిన్నే తీస్త."

మరుసటి చలికాలానికి ఆమె లేదు. వానల్లో జ్వరమొచ్చి దవాఖానకు పోయిన మనిషి తిరిగి రాలేదు. మంచె ఎక్కేవాళ్లు లేక మావాళ్లు జొన్న మాని పత్తి పెట్టారు. గోరింకలు కొన్నేళ్లు వచ్చి, చేను మీద చుట్టు తిరిగి, ఆ తర్వాత రావడమే మానేశాయి. స్టూడియో కూడా మూతపడింది.

బస్టాండులో ఆ కంకుల వాసన తగిలిన మర్నాడు చిన్నాయనను వెంటబెట్టుకుని పొద్దున్నే చేనుకు వెళ్లాను. అదే పొగమంచు, అదే కొండ. నేను ఫోన్ పట్టుకుని ఖాళీ ఆకాశం కేసి చూస్తుంటే, చిన్నాయన కొండకు వీపు పెట్టి, ఒకప్పుడు మంచె ఉన్న చోటునే చూస్తూ నిలబడ్డాడు.

"ఆ పొద్దు కెమెరా జర ఇటు తిప్పి ఉంటే అయిపోతుండె బిడ్డా" అన్నాడు.