రాగుల డబ్బాలో లెన్సులు

“నవ్వద్దప్పా! లెన్సుకి చెమ్మ తగిలితే బూజు పడతాది. రాగులు చెమ్మను పీల్చేస్తాయి. దానికే డబ్బాలో దాచినా. ఈమె ఊరంతా టాంటాం వేస్తా ఉండాది,” అన్నాడు గోవిందప్ప నాతో.

“వేయక? మిల్లులో రాగులు పోస్తా ఉంటే దబ్బుమని లెన్సు పడింది. ‘ఇది గూడా ఆడించాల్నా అక్కా?’ అన్నాడు మిల్లాయన!” వంటింట్లో నుంచే ఆయన భార్య తిమ్మక్క అందుకుంది.

గోవిందప్ప పుంగనూరులో చానా ఏండ్లు ఫోటో స్టూడియో నడిపాడు. నేను పాత కెమెరా ఒకటి కొనుక్కుని, తప్పులు చేసుకుంటూ నేర్చుకునేవాణ్ణి. ఆయన మాటలు వినడానికని అప్పుడప్పుడూ వెళ్తుండేవాణ్ణి. మిల్లు సంగతి తర్వాత తిమ్మక్క తీర్పు చెప్పేసింది: డబ్బా ఖాళీ కావాల, మూడింటిలో ఒక లెన్సే ఇంట్లో ఉండాల. మదనపల్లెలో పెళ్లిళ్లకు ఫోటోలు తీసే శివశంకర్ మిగతా రెండూ కొనుక్కోవడానికి ఆ మధ్యాహ్నమే బస్సులో వస్తున్నాడు.

గోవిందప్ప మనసంతా మూడోదాని మీదే. అద్దం మీద మొదట్నుంచీ పలచగా పొగ పట్టి, ఇప్పుడు లోపలికి రాగుల నుసి కూడా దూరిన లెన్సు అది.

“పెండ్లి సంబంధాలకు పంపే ఫోటోలన్నీ దీంతోనే తీసినా. మొటిమా కనపడదు, మచ్చా కనపడదు. కుప్పం దాకా సంబంధాలు కుదిరినాయి.”

“కుప్పం అంటే నేనేనప్పా,” తిమ్మక్క గరిటె పట్టుకునే వాకిట్లోకొచ్చింది. “మా నాయన చేతికొచ్చిన ఫోటోలో పెండ్లికొడుకు మొగం పాలకోవా మాదిరి ఉండె. పందిట్లో సూస్తే ఈయన! పెండ్లికొడుక్కి అన్నేమో అనుకున్నా. ముందు దాన్నే అమ్మల్ల.”

గోవిందప్ప మొహం వాడిపోయింది. “తీసి సూసినాకే అమ్ముదాం,” అన్నాడు. నా కెమెరాకు లెన్సులు ఒక్కొక్కటే బిగించి తిమ్మక్కను అరుగు మీద కూర్చోబెట్టాడు.

మొదటిది పొడుగు లెన్సు. దానికోసం నేను రోడ్డు అవతలికి పోవాల్సి వచ్చింది. సరిగ్గా నొక్కే సమయానికి టమోటా లారీ అడ్డమొచ్చింది. ఫోటోలో లారీ తప్ప తిమ్మక్క లేదు.

“బాగా వచ్చినాను,” అంది ఆమె.

రెండోది అద్దంలాగా ఉన్నదున్నట్టు చూపించే లెన్సు. ఫోటో చూడగానే, “ఎవురీ ముసలామె? యాల సూపిస్తారు నాకు?” అని కెమెరాను తోసేసింది.

మూడోది తీశాక కెమెరాను దగ్గరికి లాక్కుంది. కొంగుతో తెర తుడిచి మళ్లీ చూసింది. “ఇది నా ఫోన్లోకి పంపప్పా. మా చెల్లెలు రాజమ్మ సూడల్ల,” అంది. లోపలికి పోతూ పోతూ, “దాన్ని బీరువాలో పెట్టుకో. రాగుల్లో మాత్రం పెట్టబాక,” అని మొగుడికి చెప్పింది.

గోవిందప్ప ఆ లెన్సును గబగబా పంచె కొంగులో చుట్టుకున్నాడు. మిగతా రెండూ నా చేతిలో పెట్టి, గొంతు తగ్గించాడు.

“నువ్వు బస్టాండుకు పో. శివశంకర్ దిగతానే ఇవి ఇచ్చి, ఆడ్నించి ఆడికే పంపించేయ్. మూడోది అడిగితే లోపల రాగుల నుసి ఉండాదని చెప్పు, నిజమే గదా. ఇంటికి మాత్రం పిల్చుకోని రావద్దు. ఈమె ఆ ఫోటో వానికి సూపించకుండా ఉండదు. సూసినాడంటే ఈ లెన్సు ఎత్తుకోకుండా పోడు. బస్సు వచ్చే ఏళయింది, బిన్నా పోప్పా!”