గుంటని పూడ్చేస్తారట!
మా మనవరాలి చదువు ఇంటరుతోనే ఆగిపోయేలా ఉన్న రోజులవి. ఒడియా సీరియళ్లకు తెలుగు మాటలు రాస్తూ ఎదిగి, ఇప్పుడు రెండు భాషల్లోనూ టీవీ ఛానళ్లు నడుపుతున్న మేడం చీపురుపల్లి వచ్చారు. పేదపిల్లల్ని చదివిస్తారని విని పరుగెత్తాను.

"ఏం కావాలమ్మా?" అన్నాడు హైదరాబాదు నుంచి వచ్చిన ఆవిడ మేనేజరు.

"మా గుంటని ఓపాలి సూడండి బాబూ. మీరే దిక్కు."

"దానికేం, రేపే పూడ్పించేస్తాం!"

"సదివిత్తారని వత్తే పూడ్సేత్తారేటి? నా గుంట ఏటి పాపం సేసింది?" అంటూ అతని చొక్కా పట్టుకున్నాను. గుండీ ఊడి నా చేతికొచ్చింది.

మేడం పగలబడి నవ్వారు. "ఇక్కడ గుంటంటే ఆడపిల్లండీ, గొయ్యి కాదు" అని అతనికి చెప్పి, నా చెయ్యి విడిపించారు. "నానూ ఇచ్ఛాపురం గుంటనే పిన్నీ. మీ గుంటని నాను సదివిత్తాను."

ఇప్పుడు మనవరాలు విజయనగరంలో నర్సింగు చదువుతోంది. ఆ గుండీ తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. ఆ మేనేజరు మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా, "మీ గుంట బాగుందా అమ్మా?" అని మా మాటలోనే అడుగుతాడు.