మంచినీళ్ళకొక చోటు

పోయిన ఆదివారం, ఒకప్పుడు నాతో కలిసి పాఠాలు చెప్పిన మిత్రురాలు నా ఫోనుకు ఒక వీడియో పంపింది. అందులో ఒకావిడ తెల్లటి వంటింట్లో, తెల్లటి డబ్బాల వరుస ముందు నిలబడి, కొన్నాళ్ళు విడవకుండా చేస్తే ఏ పనైనా అలవాటైపోతుందనీ, అలవాటైతే ఇల్లు దానంతటదే సర్దుకుంటుందనీ చెబుతోంది. ఎన్నాళ్ళు, ఎవరి ఇళ్ళలో చూశారు, ఆ ఇళ్ళలో మగవాళ్ళు ఎందరు అని అడగాలనిపించడం, జీవితమంతా రసాయనశాస్త్రం బోధించినదాన్ని కనుక, నా వృత్తిదోషం. అయితే అన్నిటికన్నా పెద్ద అనుమానం వేరే ఉంది. ఆ వంటింట్లో ఎక్కడా ఒక్క నీళ్ళ బిందె కనబడలేదు. మార్కాపురంలో కాపురం చేసిన మనిషి అలాంటి వంటింటిని నమ్మడం కష్టం.

మా ఇంటి చిందరవందరకు మూలం సోమరితనం కాదు, నీళ్ళు. తాగడానికి క్యాన్ నీళ్ళు, వంటకు ట్యాంకరు తెచ్చే మంచినీళ్ళు, మిగిలిన సమస్తానికీ పెరట్లోని బోరు ఉప్పునీళ్ళు. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి, వచ్చినప్పుడు ఇంట్లో బోలుగా ఉన్న ప్రతి వస్తువూ పాత్ర హోదా పొందేది. బిందెలు, డ్రమ్ములు సరే. రంగుల బకెట్లు, నూనె డబ్బాలు, పాడైపోయిన కూలరు తొట్టి, ఒక వేసవిలో నా ప్రెషర్ కుక్కరు కూడా నీళ్ళు మోశాయి. వాటి స్థానాల్లో ఉండవలసిన వస్తువులు మంచాల మీదికి, మంచాల మీదివి కుర్చీల మీదికి జరిగేవి. మావారికి ఖాళీ పాత్ర కంటబడితే మనశ్శాంతి ఉండేది కాదు. ట్యాంకరు రాని రోజుల్లో బోరు పైపు పట్టుకుని, తోటమాలి మొక్కల వెంట తిరిగినట్లు ఇల్లంతా తిరిగి నింపేవారు.

ఈ అడవిలో దారి తెలిసిన ఒకే ఒక్క మనిషి మా అత్తగారు. ఆమె కళ్ళకు శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్ చెయ్యాలంటే ముందు షుగరు అదుపులోకి రావాలన్నారు డాక్టరు. షుగరు మాత్రం ఆమె మాట తప్ప ఎవరి మాటా వినదు, ఆమె చెప్పరు. మనుషులు ఆమెకు పొగమంచులో నీడల్లా కనబడేవారు. అయినా వంట ఆమెదే. అందులోనూ ఆమె ముద్దపప్పుకు గిద్దలూరు దాకా పేరుంది.

గిద్దలూరులో ఉన్నది మా వదిన, అంటే మావారి అక్క. ఒక రోజు ఆమె తన కొత్త వియ్యాలవారిని వెంటబెట్టుకుని భోజనానికి వచ్చింది. అత్తగారు పొద్దున్నే లేచి కందిపప్పు పొయ్యిమీద పెట్టారు. కుక్కరు ఎన్నిసార్లు కూసినా పప్పు పలుకు విరగలేదు. గరిటెతో మెదిపినా, పప్పుగుత్తితో దంచినా, ప్రతి బద్దా తన వ్యక్తిత్వాన్ని కాపాడుకుంది. చివరికి అలాగే వడ్డించారు. వియ్యంకుడుగారు మర్యాదస్తుడు. రెండు ముద్దలు నమిలి, "గుగ్గిళ్ళు శానా బాగున్నాయమ్మా," అన్నారు.

వాళ్ళు చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే వదిన మావారిని పెరట్లోకి లాక్కుపోయింది. "ఇంక అమ్మను పొయ్యి కాడికి పోనీయొద్దు తమ్ముడా. కండ్లు ఆనడంలా. ఈ పొద్దు పప్పు ఉడకలా, రేపు చీర కొంగు అంటుకుంటే ఎవరు జవాబు చెప్పేది? వంటమనిషిని పెట్టుకోండి."

"జబ్బు నా కండ్లకే, చెవులకు గాదే పాపా," అని వంటింటి కిటికీలోంచి వినబడింది.

మాటకు మాట చెప్పారేగాని, మర్నాడు ఆమె వంటింట్లోకి రాలేదు. వసారాలో కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ చేతులను పని లేకుండా చూడడం నాకదే మొదటిసారి. "నేను పెట్టిన పప్పును గుగ్గిళ్ళన్నాడు మే ఆయప్ప. ఇంక నాకు వంటింట్లో ఏం పని?" అన్నారు.

వదిన వాదనలో నాకు నచ్చనిది ఒకటుంది. కళ్ళు కనబడకపోతే ఉప్పు ఎక్కువ కావచ్చు, పోపు మాడవచ్చు. పప్పు ఉడకకపోవడానికి కంటిచూపుకు సంబంధమేమిటి? పాతబడిన పప్పు కావచ్చు, లేదా నీళ్ళు కఠినమైనవి కావచ్చు. ఉప్పునీళ్ళలోని సున్నపు లవణాలు పప్పుబద్ద గోడలను పట్టుకుని మెత్తబడనివ్వవు. కాని అత్తగారు వంటకు వాడింది మంచినీళ్ళ బిందెలోవే. కాబట్టి ఊహించడం మాని పరీక్ష పెట్టాను. ఒకే డబ్బాలోని పప్పును రెండు గిన్నెల్లో సమంగా పోసి, ఒకదాంట్లో ఆ బిందె నీళ్ళు, రెండోదాంట్లో పక్కింటి నుంచి తెచ్చిన ట్యాంకరు నీళ్ళు పోసి, రెండింటినీ ఒకే కుక్కరులో పెట్టాను. మంట, వేళ, పప్పు అన్నీ ఒకటే. తేడా నీళ్ళు మాత్రమే. అత్తగారు గడప మీద కూర్చుని, "రెండు గిన్నెల పప్పు ఎవరు తింటారు?" అని గొణిగారు.

మూత తీశాక ఆమె వేళ్ళతోనే చూడమన్నాను. పక్కింటి నీళ్ళ పప్పు వెన్నలా నలిగింది. మా బిందె నీళ్ళది గుగ్గిళ్ళే. ఆమె ఆ గుగ్గిళ్ళ గిన్నెలో వేళ్ళు కాసేపు ఉంచి, మెల్లగా తల తిప్పి కొడుకును కేకేశారు. "ఒరేయ్, మంచినీళ్ళ బిందెలో ఏం పోసినావురా?"

మావారు నిజాయితీపరులు. "సగమే ఉండె గదమ్మా, నిండుగా ఉంటే బాగుంటదని బోరు పైపు పెట్టినా," అన్నారు.

విచారణ అక్కడితో ముగిసిందని నేననుకున్నాను. ఫోనులో వదిన ఒప్పుకోలేదు. "ఈసారి నీళ్ళు. రేపు కారమనుకుని ఇంకేందన్నా వేస్తే? ఆ ఇంట్లో కండ్లున్నోళ్ళకే ఏమీ దొరకదు." ఆ మాట మాత్రం నేను కాదనలేకపోయాను. చివరకు ఒక ఒప్పందం కుదిరింది. వదిన మళ్ళీ వచ్చేనాటికి చూపు లేకుండా వంట చేసుకోదగ్గ ఇల్లుగా దాన్ని మారిస్తే పొయ్యి అత్తగారిది, లేకపోతే వంటమనిషిది.

మావారు పశ్చాత్తాపంతో ఒక సెలవు రోజంతా ఇల్లు సర్దారు. డబ్బాలన్నీ ఎత్తుల వరుసలో సైనికుల్లా నిలబెట్టారు. చూడడానికి ముచ్చటగా ఉంది. కాని అత్తగారి చెయ్యి జీలకర్ర కోసం వెళ్ళి వక్కపొడి మీద పడింది. "ఎవరింట్లో ఉండానురా నేను?" అన్నారామె. ఆ వారంలోనే ట్యాంకరు వచ్చింది, సైనికులు చెల్లాచెదురయ్యారు. ఒక్కరోజు మహాయజ్ఞాలు ఫలించవనడానికి నాకు అంతకన్నా రుజువు అక్కరలేకపోయింది.

అప్పుడు చిన్నదానితో మొదలుపెట్టాం. వంటింటి గుమ్మం పక్కన ఊరి గనుల నల్ల పలకరాయి బండ ఒకటి, నేలకన్నా అంగుళం ఎత్తున ఉంది. మంచినీళ్ళ బిందెలు దానిమీదే ఉండాలి, బోరు పైపు దాని దరికి రాకూడదు. అత్తగారి పాదానికి ఆ చల్లదనం తగిలితే అవి మంచినీళ్ళని తెలుస్తుంది. ఇది కుదిరాకే ఇంకొకటి కలిపాం: ఖాళీ అయిన పాత్రను అప్పటికప్పుడే మెట్ల కింద బోర్లించాలి. బోర్లించిన పాత్రను చూస్తే మావారికి నింపాలన్న కోరిక కలగదని మాకు తర్వాత తెలిసింది. ఇది శాస్త్రానికి నా చిన్న చేర్పు. ఆపైన సాయంత్రం కాఫీకి ముందు ప్రతివాళ్ళూ తనది కాని చోట ఉన్న ఒక్క వస్తువును దాని చోటికి చేర్చాలి. ఒక్కటే; రెండో వస్తువు ముట్టుకుంటే అత్తగారు ఒప్పుకునేవారు కాదు. "ఈ పొద్దు అన్నీ చేసి రేపు పండుకుంటావు. ఒకటి చాలు, పో, కాఫీ తాగు," అనేవారు. కాఫీ ఆశ లేకుండా ఈ పద్ధతి నిలిచేదా అన్నది పరీక్షించలేదు. ఆ పరీక్షకు సిద్ధపడేవాళ్ళు మా ఇంట్లో దొరకలేదు.

తప్పిన రోజులున్నాయి. కరెంటు పోయి రెండు రోజులు బోరు లేనప్పుడు క్రమం మొత్తం కూలింది. విచిత్రమేమంటే, మూడో రోజు ఎవరూ చెప్పకుండానే మావారు కాఫీ అడిగే ముందు చేతిలో అట్లకాడ పట్టుకుని దాని కొక్కెం వెతుక్కుంటూ తిరిగారు. నేను ఆ వెతుకులాటను దూరం నుంచి చూసి, అలవాటు విషయంలో నమ్మకం అన్న మాటను మొదటిసారి కొంచెం వాడాను.

వదిన చెప్పకుండా వచ్చింది. వచ్చీ రాగానే అలవాటుగా చేతిసంచిని పలకరాయి మీద పెట్టి కూర్చుంది. అత్తగారు బిందె కోసం వెళ్తూ పాదంతో దాన్ని తడిమి ఆగారు. "ఇదెవరిదే? గిద్దలూరు సామాన్లకు ఈడ చోటు లేదు, తియ్యి!" వదిన సంచి తీసింది; తరువాత పరీక్ష మొదలుపెట్టింది. ఇంగువ అంది, వచ్చింది. ఎండుమిరపకాయలంది, వచ్చాయి. పట్టకారు అంది, అత్తగారు తిరిగి చూడకుండానే గోడకున్నది తీసి, "దీంతో నీ ముక్కు పట్టుకోనా?" అన్నారు. అందరం నవ్వాం, వదిన కూడా. ఆ పూట ముద్దపప్పు ఆకులో నెయ్యితో కలిసి జారింది. వదిన రెండోసారి వడ్డించుకుని, పెరట్లోకి ఎవరినీ పిలవకుండా, తల్లి పక్కనే కూర్చుని తిన్నది.

పొయ్యి తనదయ్యాక అత్తగారు షుగరుకు మందులు వేళకు వేసుకోవడం మొదలుపెట్టారు. ఎందుకో నేను అడగలేదు. రెండు సంఘటనలు వెంట వెంట జరిగినంతలో ఒకటి మరొకదానికి కారణం కానక్కరలేదని విద్యార్థులకు నేనే చెప్పేదాన్ని. ఏమైతేనేం, ఆపరేషన్ జరిగింది. కట్టు విప్పాక ఇంటికి తీసుకొచ్చిన రోజు, ఆమె గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశారు. పలకరాయిని చూశారు, బోర్లించిన బిందెలను చూశారు, కొక్కేల వరుసను చూశారు. మెచ్చుకుంటారని మేము వరుసగా నిలబడ్డాం.

ఆమె చూపు మాత్రం మావారి మీద ఆగింది. దగ్గరికి వచ్చి, అన్నాళ్ళూ డబ్బాలను గుర్తుపట్టిన ఆ వేళ్ళతో కొడుకు తల తడిమారు. "ఒరేయ్ నాయనా," అన్నారు నవ్వుతూనే, "నీ తల ఎప్పుడు నెరిసిందిరా?"

ఇంట్లోని ప్రతి వస్తువునూ ఎక్కడ పెట్టాలో మేము నిర్ణయించుకున్నాం గాని, కాలం తాను తెచ్చినదాన్ని ఎక్కడ పెట్టాలో మమ్మల్ని అడగలేదు.