కుడివైపు గుండె

జలుబు చేసిందని పొద్దున మా కోడలు పసుపు కొమ్ము కాల్చి ముక్కు దగ్గర పెట్టింది. ఆ పొగ తగలగానే తుమ్ముకన్నా ముందు సోమయ్య శాస్త్రిగారు గుర్తుకొచ్చారు. నరసాపురంలో నాకు వైద్యం నేర్పిన గురువుగారు ఆయన. కడుపులో బల్ల పెరిగిందని, అంటే ప్లీహం వాచిందని ఎవరొచ్చినా మందిచ్చి, ఎడమ డొక్క మీద కాల్చిన పసుపు కొమ్ముతో వాత పెట్టించేవారు. ఆయన వైద్యం ఎంత గట్టిదో మడీ అంత గట్టిది. మడిబట్ట కట్టుకున్నాక రోగిని తాకేవారు కాదు. అరుగు మీద కూర్చునే, "ఎక్కడమ్మా నొప్పి? నువ్వే నొక్కి చూపించు" అనేవారు. వాతలు పెట్టే పుణ్యం నాది.

ఒకసారి నూకాలమ్మ అనే జాలరి ఆమె తన భర్త పోలయ్యను తీసుకొచ్చింది. విడవని చలిజ్వరం, కుడి డొక్కలో గడ్డ. "కుడివైపంటే కాలేయమే" అని గురువుగారు అరుగు దిగకుండానే తేల్చేసి విరేచనాల మందిచ్చారు. గడ్డ తగ్గలేదు గాని, పోలయ్యలో మిగిలినదంతా తగ్గిపోయింది.

మళ్ళీ వచ్చినప్పుడు మెట్ల దగ్గరే కూలిపోయాడు. నూకాలమ్మ ఘొల్లుమంది. గురువుగారు మడి మాట మరిచి ఒక్క దూకు దూకి, అతని ఎడమ రొమ్ము మీద అరచెయ్యి ఆనించారు. ఆయన ముఖం పాలిపోయింది.

"ఒరేయ్, వీడికి గుండె లేదురా!"

"లేదని పెళ్ళైన కొత్తలోనే చెప్పానండి, ఒక్కరూ నమ్మలేదు" అంది నూకాలమ్మ ఏడుస్తూనే.

పోలయ్య ఊపిరి మాత్రం ఆడుతోంది. గురువుగారి చెయ్యి మెల్లగా జరిగి కుడివైపు ఆగింది. గుండె అక్కడ దడదడా కొట్టుకుంటోంది. గుండే ఇటుంటే కడుపులోవి కూడా అటువి ఇటు, ఇటువి అటు మారి ఉండాలి. అంటే ఆ గడ్డ కాలేయం కాదు, బల్ల.

"శాస్త్రంలో ఎడమవైపనే ఉంది కదండీ" అన్నాను.

"శాస్త్రం రాసినవాళ్ళు పోలయ్యను చూశారట్రా?"

అరుగు నిండా జనం ఉన్నారు. వాళ్ళందరి ముందే ఆయన నూకాలమ్మ వైపు తిరిగారు. "ఇన్నాళ్ళూ తప్పు మందిచ్చానమ్మా. మొదటి రోజే తాకి చూసుంటే తెలిసేది."

"ఇప్పుడైనా బతుకుతాడాండీ?"

"బతికించాలి."

వాత ఎటు పెట్టాలో తెలియక నేను కొమ్ము పట్టుకుని నిలబడితే, "అదవతల పారేయరా" అని కసిరారు. మందు మార్చారు. వానలు వెనకపట్టేసరికి పోలయ్య మళ్ళీ వల వేశాడు, పెళ్ళాంతో తగువులూ మొదలుపెట్టాడు. అప్పటినుంచి గురువుగారు రోగులందరినీ తాకి చూసి, ఆఖరివాడు వెళ్ళాకే స్నానానికి లేచేవారు. మధ్యాహ్న భోజనం సాయంత్రానికి జరిగిపోయింది. గురుపత్నిగారు పోలయ్యను తిట్టని రోజు లేదు.

నిండు అరుగు మీద ఆయన తప్పొప్పుకున్న ఆ మాట ఇప్పటికీ మరవలేదు. నేనూ ఎవరొచ్చినా ముందు కుడి రొమ్ము మీద చెయ్యి పెట్టి చూస్తాను. ఈ ముసలాయనకి గుండె ఎటుంటుందో కూడా తెలియదని జనం నవ్వుకుంటారు. నిజమే, చెయ్యి పెట్టి చూసేదాకా నాకు తెలియదు.